నీ ప్రోనోటు కేసు గురించి

ఒరేయ్,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక మనసు మనసులో లేదురా, అందుకే కూర్చుని రాస్తున్నా. నీ దగ్గర అప్పు తీసుకుని ప్రోనోటు రాసిచ్చినతను ఊళ్లో ఇంకో నలుగురికి కూడా ఇలాగే డబ్బు ఎగ్గొట్టాడని నువ్వు చెప్పబోతే, అది ఈ కేసుకు సంబంధం లేదని జడ్జిగారు ఆపేశారని ఎంత బాధపడ్డావో. ఆయన్ని తప్పుపట్టకు. నీ దావాలో తేలాల్సినవి రెండే: నోటు మీద సంతకం అతనిదేనా, డబ్బు అతనికి ముట్టిందా. మనిషి చెడ్డవాడు కాబట్టి ఈ పనీ చేసే ఉంటాడు అనడానికి సివిల్ కేసుల్లో చట్టం ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఆ నాలుగు బాకీల విచారణతోనే నీ కేసు ఏళ్లు గడిచిపోతుంది.

సంబంధం ఉందా లేదా అన్నది జడ్జిగారి ఇష్టం కాదురా. ఏ రకం సంబంధమైతే సాక్ష్యం వినాలో 1872 నాటి సాక్ష్య చట్టమే వరసగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ విషయంలో అసలు సరుకు చాలావరకు పాతదే.

నాకు ఇది బాగా అర్థమైంది పాకాల నారాయణస్వామి కేసు చదివాకే. పిఠాపురం దివాను దగ్గర పనిచేసిన ఒక నౌకరు, దివాను కూతురికి అప్పిచ్చాడు. 1937 మార్చిలో అతనికి ఒక ఉత్తరం వచ్చింది. బాకీ తీసుకోవడానికి బరంపురం రమ్మన్నారు, వెళ్తున్నానని భార్యకు చెప్పి రైలెక్కాడు. రెండు రోజులకు పూరీ స్టేషన్లో, మూడో తరగతి రైలు పెట్టెలో దిక్కులేకుండా పడున్న ఒక ట్రంకులో అతని శవం ముక్కలుగా దొరికింది. భార్యకు చెప్పిన ఆ మాట సాక్ష్యమవుతుందా? అప్పటికి చస్తానని అతనికి తెలియదు కదా అని ముద్దాయి నారాయణస్వామి (ఆ కూతురి భర్త) తరఫున వాదించారు. 1939లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసుల చివరి అప్పీళ్లు వినే లండన్ కోర్టు, ఆ మాట చెల్లుతుందంది. చావుకు దారితీసిన వ్యవహారంలో ఆ ప్రయాణం ఒక భాగమే కాబట్టి. ఇంట్లో గడప దగ్గర పెళ్లానికి చెప్పి వెళ్లిన మాట లండన్ దాకా వెళ్లి నిలబడింది, ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అదే కేసులో, చనిపోయినతను మా ఇంటికి వచ్చాడని ముద్దాయి పోలీసులతో అన్న మాట మాత్రం చెల్లలేదు. సంబంధం లేక కాదు, పోలీసు దర్యాప్తులో చెప్పిన మాట కాబట్టి వేరే సెక్షన్ అడ్డుపడింది.

ఇప్పుడు నీ సంగతి. ఆ నలుగురినీ వదిలేయ్. నోటు రాసిన ఆయన, సాక్షి సంతకం పెట్టిన ఆయన బతికే ఉన్నారు కదా, వాళ్లను పిలిపించు. ఆ రోజుల్లోనే అతను బ్యాంకులో పెట్టిన సంతకాలు తెప్పించమని పిటిషన్ వేయించు, పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇంకొకటి, "సంక్రాంతికి నీ లెక్క తేల్చేస్తా" అని అతను వాట్సాప్‌లో పెట్టాడన్నావు. ఊరంతా వచ్చి చెప్పినా దానంత బలం ఉండదురా! అది అతని సొంత మాట. ఆ ఫోన్ మార్చకు, మెసేజ్ చెరపకు. ప్రింటు తీసి ఇస్తే సరిపోదు, ఫోన్ మెసేజ్‌ల లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త చట్టం అడిగే 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతచేయాలి, మీ ప్లీడరు గారిని రేపే అడుగు.

అమ్మని అడిగానని చెప్పు. వాయిదా తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి, నేనూ వస్తా.