ఉష్ణోగ్రత పక్కన తేమను కూడా ముద్రించండి

సంపాదకులకు,

వేసవి మొదలైనప్పటి నుంచి మీ పత్రిక వాతావరణ పట్టికలో ప్రతి ఊరికీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు మాత్రమే ఇస్తున్నారు. అనంతపురంలో 42 డిగ్రీలు, మచిలీపట్నంలో 36 డిగ్రీలు అని చదివినవారు కోస్తావాళ్లు హాయిగా ఉన్నారని అనుకోవడం సహజం. ఆ రోజున మా ఇంట్లో కుండనీళ్లు ఎందుకు చల్లబడలేదో, ఒంటి మీది చెమట ఎందుకు ఆరలేదో మాత్రం ఆ పట్టిక చెప్పదు.

మట్టికి చలువ గుణం ఉంది కాబట్టి కుండలో నీళ్లు చల్లబడతాయని ఏటా వేసవిలో పత్రికలు రాస్తూనే ఉంటాయి. నిజానికి చల్లబరిచేది ఆవిరయ్యే నీరు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, గాలి తగలగానే ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు అలా ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని అది కుండ నుంచి, లోపలి నీటి నుంచి లాక్కుంటుంది. బయటి వేడి లోపలికి రాదనుకుంటే, పది లీటర్ల నీళ్లు పది డిగ్రీలు చల్లబడడానికి ఒక గ్లాసుడు నీళ్లు ఇగిరిపోతే చాలు. కుండకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడే చోట పెట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఈ మధ్య ఒళ్లంతా ఆయిల్ పెయింటు పూసిన కుండలు అమ్ముతున్నారు. అవి చూడముచ్చటగా ఉంటాయి కానీ, రంధ్రాలు మూసుకుపోయాక వాటిలో నీళ్లు చల్లబడే అవకాశం లేదు. ఏళ్ల తరబడి వాడి, ఉప్పు పేరుకుపోయిన కుండదీ అదే పరిస్థితి.

అయితే నీరు ఎంత త్వరగా ఆవిరవుతుందన్నది గాలిలో అప్పటికే ఉన్న తేమను బట్టి ఉంటుంది. అనంతపురంలో 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉందనుకుందాం. ఆ గాలిలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 డిగ్రీల దాకా దిగుతుంది. మచిలీపట్నంలో 36 డిగ్రీల వద్ద తేమ 70 శాతం ఉంటే అదే థర్మామీటరు సుమారు 31 దగ్గర ఆగిపోతుంది. కుండనీళ్లు ఈ హద్దు కంటే చల్లబడలేవు, సాధారణంగా దాని కంటే కొంచెం పైనే ఉంటాయి. అంటే ఎండ ఆరు డిగ్రీలు తక్కువున్న ఊళ్లో కుండనీళ్లు ఏడు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉండవచ్చు. రాయలసీమలో చక్కగా పనిచేసే ఎయిర్ కూలరు మా తీరంలో, అందులోనూ కిటికీలు మూసిన గదిలో, ఉక్కపోతను పెంచడానికే పనికొస్తుంది.

మన శరీరానిదీ ఇదే సూత్రం. చెమట ఎంత కారిందన్నది ముఖ్యం కాదు, ఎంత ఆరిందన్నదే ముఖ్యం. కణతల మీది నుంచి ధారగా కారి నేల మీద పడే చెమట ఒంటిలోని వేడిని దాదాపు ఏమీ తీసుకుపోదు, ఒంట్లోని నీటిని, ఉప్పును మాత్రం ఖర్చు చేస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద, భవన నిర్మాణంలో పనిచేసే కూలీలు 36 డిగ్రీల రోజున కూడా సొమ్మసిల్లడానికి ఇదొక ప్రధాన కారణం. భారత వాతావరణ శాఖ సైతం వడగాడ్పులను నిర్ధారించడానికి మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలంటుంది, తీర ప్రాంతాలకు మాత్రం 37 డిగ్రీలు చాలంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తేమ శాతాన్ని ఉదయం 8.30 గంటల అంకెతో సరిపెడితే పాఠకుడికి మేలు కంటే గందరగోళమే ఎక్కువ. గాలిలోని ఆవిరి ఏమాత్రం పెరగకపోయినా, ఉదయం చల్లగా ఉండడం వల్ల ఆ శాతం ఎక్కువగా కనిపిస్తుంది; ఎండెక్కిన కొద్దీ తగ్గుతుంది. ఆ శాతం, గాలి ఇముడ్చుకోగల ఆవిరిలో నిజంగా ఉన్నది ఎంతన్నది చెబుతుంది; 30 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకోగలదు, 40 డిగ్రీల వద్ద సుమారు 51 గ్రాములను. కనుక మధ్యాహ్నపు గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కన అదే సమయానికి నమోదైన తేమను, వీలైతే దాని నుంచి లెక్కగట్టిన తడి బల్బు ఉష్ణోగ్రతను (పైన చెప్పిన తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెను) ఇవ్వాలని నా విజ్ఞప్తి. అన్ని ఊళ్లకూ స్థలం చాలకపోతే విశాఖపట్నం, మచిలీపట్నం, కావలి, అనంతపురం, రామగుండం వంటి నాలుగైదు కేంద్రాలకైనా ఇవ్వండి. పట్టిక కింద రెండు వాక్యాల వివరణ చేర్చితే, బడిపిల్లలు మామూలు థర్మామీటరు బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి, ఫ్యాను కింద పెట్టి, మీరు ముద్రించిన అంకెను తామే సరిచూసుకోగలుగుతారు. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదని కూడా ఆ వివరణలో చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
మచిలీపట్నం