బీడీలు చుట్టే ఆమె సొంత వ్యాపారమా? కేంద్ర గణాంక శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

15 ఏళ్ళు, ఆపైన వయసున్న మహిళల్లో శ్రామిక భాగస్వామ్యం (పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి) 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఇవి మీ శ్రామిక శక్తి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) లెక్కలే. పెరిగిందాంట్లో ఎక్కువ భాగం స్వయం ఉపాధి. ఆ మాట కింద ఎవరెవరున్నారో విప్పి చూపండి.

నిజామాబాద్ వైపు కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుని ఆడవాళ్ళు ఇంట్లో బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. సరుకు యజమానిది, రేటు యజమానిది, బాగాలేవని కొన్ని తీసిపడేసేదీ ఆయన మనుషులే. 1966 బీడీ కార్మికుల చట్టం ఇలా చుట్టే ఆమెను ఉద్యోగిగానే చూసింది. మీ సర్వే ప్రశ్నపత్రంలో మాత్రం కోడ్ 11, అంటే సొంతంగా పని నడుపుకునేవారు, కిరాణా కొట్టు నడిపేవారి వరస.

పాడి ఉన్న ఇల్లు ఇంకో చిక్కు. పాలకేంద్రంలో ఖాతా భర్త పేరున ఉంటుంది. తలుపు తీసిన మగాయన్ని అడిగితే "ఆమె ఇంట్లోనే ఉంటది" అంటాడు. కోడ్ 92, అంటే ఇంటిపని మాత్రమే అని పడుతుంది, ఆమె శ్రామికుల లెక్కలోంచి పోతుంది. అదే ఆమెను "మేత వేసేదెవరు, పాలు పిండేదెవరు?" అని అడిగితే కోడ్ 21, ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు, అదీ స్వయం ఉపాధి కిందే. పని మారలేదు, అడిగిన తీరు మారిందంతే. మీ సర్వేలోని వారపు లెక్కలో శ్రామికురాలు అనిపించుకోవడానికైతే ఏడు రోజుల్లో ఒక్క గంట పని చాలు కదా!

ఆడవాళ్ళ వివరాలు వాళ్ళనే అడిగించండి. ఇన్నింటికి ఇంత అనే ముక్క కూలికి ఇంట్లో పనిచేసేవారికి వేరే కోడ్ ఇవ్వండి. పత్రికా ప్రకటన మొదటి పేజీలోనే కోడ్ 21 వాటాను విడిగా వేయండి.