బాలల అధ్యయన విభాగం – వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

బస్తీ పిల్లల పేదరికం, వాళ్ళు తినే దెబ్బలు, వాళ్ళ మనసు బాగోగులు: ఈ మూడింటినీ కలిపి అడిగే ప్రశ్నావళిని ఈ ఏడాది తయారుచేశాం, అడిగేవాళ్ళకు తర్ఫీదు మొదలుపెట్టాం. ఇంటింటి సర్వే మాత్రం వచ్చే ఏడాదికే.

నమూనాగా తీసుకున్నది ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం. 2002 నుంచి నాలుగు దేశాల్లో సుమారు 12,000 మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వస్తున్న పరిశోధన ఇది. అందులో దాదాపు 3,000 మంది మన తెలుగు పిల్లలే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదులకు చెందినవాళ్ళు. 2009 విడతలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 78 శాతం మంది గత వారంలో టీచరు కొట్టారని చెప్పారు. పదిహేనేళ్ళ వాళ్ళలో అది 34 శాతం. బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. కాబట్టి ఆ అంకెలను ఇవాళ్టి పరిస్థితిగా కరపత్రాల్లో వాడొద్దని మనవి.

ప్రశ్నల్లో ఎక్కువ కాలం తీసుకున్నది ‘కొట్టారా?’ అన్న మాటే. ఊరికే అలా అడిగితే ‘లేదు’ అనేస్తారు. రెండు తగిలించడం పిల్లల లెక్కలో కొట్టడం కాదు. అందుకే బెత్తం, చెంపదెబ్బ, తొడపాశం, చెవి మెలిపెట్టడం, గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం విడివిడిగా అడుగుతాం. (వీధిబడుల్లో పిల్లల్ని తాడుకు వేలాడదీసే కోదండం పోయింది గానీ గోడకుర్చీ ఇంకా చెక్కుచెదరలేదు.) గడువు ‘గత వారం’ మాత్రమే. ‘ఎప్పుడైనా’ అంటే జ్ఞాపకం మీద ఆధారపడాలి. పెద్దయ్యాక చెప్పేదానికీ చిన్నప్పుడు నమోదైనదానికీ పొంతన తక్కువని పరిశోధనలు చూపించాయి.

పేదరికానికి ఆదాయం అడగం. కూలిపని ఇంట్లో నెల ఆదాయం ఎవరూ సరిగా చెప్పలేరు. గోడలు, పైకప్పు, నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్డి, ఫ్యాను, ఫ్రిజ్, బండి చూసి రాసుకుంటాం. మనసు బాగోగులకు తొమ్మిది మెట్ల నిచ్చెన బొమ్మ: అన్నింటికన్నా మంచి బతుకు పైమెట్టు, అధ్వానమైనది కిందిమెట్టు, ‘నువ్వు ఇప్పుడు ఏ మెట్టు మీదున్నావు?’

మా పట్టుదల ఒకటుంది. ‘నిర్లక్ష్యం’ అన్న గడిని ‘లేమి’ గడి నుంచి వేరుచేశాం. చెప్పుల్లేని పిల్ల, ఒంటరిగా ఇంట్లో ఉన్న పిల్లాడు కనిపించగానే తల్లి మీద నిర్లక్ష్యం రాసేయడం తేలిక. చెప్పులు కొనలేకపోయిందా, కొనగలిగీ పట్టించుకోలేదా అన్నది రెండో ప్రశ్న అడిగితే గానీ తెలియదు. ఈ తేడా చూడకపోతే పేదలే పిల్లల్ని హింసిస్తారని అంకెలు అబద్ధమాడతాయి. పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు దాటి ఎవరూ అడగరు కూడా. అమెరికాలో కనీస వేతనం గంటకు ఒక డాలరు పెరిగిన చోట్ల నిర్లక్ష్యం ఫిర్యాదులు 9.6 శాతం తగ్గినట్టు 2017లో వచ్చిన పరిశోధన చెబుతోంది. అంటే ఆ ఫిర్యాదుల్లో కొన్నింటికి మందు డబ్బే.

సర్వే ఈ ఏడాది ఆగడానికి కారణాలు రెండు. మొదటిది వలస. దీపావళి దాటాక ఇటుక బట్టీలకు వెళ్ళిన కుటుంబాల ఇళ్ళకు తాళాలుంటాయి. అప్పుడు తిరిగితే అందరికన్నా పేదవాళ్ళే లెక్కలోంచి జారిపోతారు. బడిలో మాత్రమే అడిగినా అంతే, బడి మానేసినవాళ్ళు దొరకరు. అందుకే వాళ్ళు తిరిగొచ్చే వానాకాలం మొదట్లో చేస్తాం.

రెండోది హామీ. సర్వేలకు వెళ్ళినవాళ్ళకు ‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పం’ అనడం అలవాటు. అది కుదరదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే; తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. కాబట్టి మొదటే ఇలా చెప్పాలి: ‘నీకు ప్రమాదం ఉందనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పను. చెప్పాల్సి వస్తే ముందు నీతో చెప్తాను.’ తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు, పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి. ఆడపిల్లల్ని ఆడవాళ్ళే అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటే దెబ్బల ప్రశ్నలు ఆపి, బడి, ఆటల ప్రశ్నలకు మారాలి. పిల్ల ఏదైనా బయటపెడితే గుచ్చిగుచ్చి అడగొద్దు: ఆమె మాటల్లోనే రాసుకుని, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి, విభాగం కన్వీనరుకు అదే రోజు తెలపాలి.

తర్ఫీదు పూర్తిచేయని సభ్యులకు ప్రశ్నావళి కాపీలు ఇవ్వడం లేదు. దయచేసి అడగొద్దు.