13 నుంచి 64 వరకు నంబరున్న ‘మూడు లాంతర్లు’ క్యాసెట్లను దయచేసి వాడకండి

విజయనగరంలోని మా దుకాణంలో ‘మూడు లాంతర్లు’ అనే గేమ్ బాయ్ (నింటెండో వారి పాత చేతి ఆట యంత్రం) ఆట కొన్నవారందరికీ ముందుగా చెప్పవలసిన మాట ఇది. మీ క్యాసెట్టు వెనుక అతికించిన చిన్న కాగితంపై 13 నుంచి 64 వరకు ఏ నంబరు ఉన్నా, దానిని ఇక యంత్రంలో పెట్టకండి. తప్పు మీ గేమ్ బాయ్‌లోనూ లేదు, మీరు వాడిన తీరులోనూ లేదు. లోపల నేను అమర్చిన చిప్పులో ఉంది. ఆ 52 క్యాసెట్లనూ వెనక్కి తీసుకుని, కొత్తవి తయారుచేసి, ఒక్క రూపాయి అడగకుండా ఇస్తాను. పాత యంత్రాల మీద ప్రేమతో ఇన్నేళ్లుగా మా గుమ్మం తొక్కుతున్న మీకు అసలేం జరిగిందో దాపరికం లేకుండా చెప్పాలి కనుక వివరంగా రాస్తున్నాను.

కార్తీక మాసంలో నరసన్నపేట నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. స్విచ్ వేయగానే తెర పైనుంచి దిగవలసిన నింటెండో పేరుకు బదులు నల్లని గీతల ముద్ద దిగి, అక్కడే నిలిచిపోతోందన్నారు. గేమ్ బాయ్ మేలుకోగానే క్యాసెట్టులో ఉన్న 48 బైట్ల ఆ గుర్తును చదివి, తన లోపలి దానితో పోల్చుకుంటుంది. ఏమాత్రం తేడా ఉన్నా ఆట మొదలుపెట్టదు. సాధారణంగా క్యాసెట్టు అంచున ఉండే లోహపు పట్టీలకు మురికి పట్టినప్పుడు ఇలా జరుగుతుంది కాబట్టి, నేను మరొక ఆలోచన లేకుండా “మాస్టారూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి” అని చెప్పాను. ఆయన మూడుసార్లు తుడిచారు. మరో వారానికి బొబ్బిలి నుంచి అదే మాట వినిపించింది. ఆ తరువాత పలాస నుంచి ఒక అబ్బాయి, “అన్నా, క్యాసెట్టు వెనకాల వేడెక్కుతోంది, బ్యాటరీలు కూడా తొందరగా అయిపోతున్నాయి” అన్నప్పుడు నా గుండె జారిపోయింది. గేమ్ బాయ్ క్యాసెట్టు వేడెక్కకూడదు. ఆ మాట మొదటి ఫోనులోనే నేను అడిగి తెలుసుకోవలసింది. మాస్టారుగారికి నా క్షమాపణలు.

ఆ రాత్రి దుకాణంలో నంబరు వేయకుండా మిగిలి ఉన్న ఒక క్యాసెట్టు విప్పి, అసిటోన్‌లో ముంచిన దూదితో చిప్పు వీపు మీద రుద్దాను. అసలైన చిప్పు మీద అచ్చు అంత సులువుగా చెదరదు. దీని మీద మాత్రం దూది నల్లగా మారింది, పైనున్న తెల్లని అంకెలు దానితోపాటే లేచి వచ్చాయి, కింద గరుకు కాగితంతో అరగదీసిన సన్నని గీతలు బయటపడ్డాయి. పైన అచ్చువేసినది 29ఎఫ్ వరుస పేరు. చిప్పును దాని గుర్తింపు సంఖ్య అడిగితే తాను 29ఎల్‌వి వరుసకు చెందినదానినని చెప్పింది. మొదటిది 5 వోల్టుల చిప్పు, రెండవది 3.3 వోల్టుల చిప్పు.

ఈ తేడా చిన్నది కాదు. మొదటి గేమ్ బాయ్ గాని, తరువాతి రకాలైన పాకెట్ గాని, కలర్ గాని క్యాసెట్టుకు 5 వోల్టులు ఇస్తుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ కూడా పాత ఆకారపు క్యాసెట్టు పెట్టినప్పుడు లోపలి మీట నొక్కుకుని 5 వోల్టులకే మారుతుంది. 29ఎల్‌వి వరుస చిప్పులకు 4 వోల్టులు దాటి ఇవ్వకూడదని తయారీదారు పత్రాల్లోనే రాసి ఉంటుంది. అయినా అవి వెంటనే చనిపోవు. కొన్ని రోజులు, కొన్ని వారాలు మామూలుగా పనిచేస్తూ, ఎక్కువ కరెంటు లాగుతూ, వేడెక్కుతూ, చివరికి తప్పుడు అంకెలు చెప్పడం మొదలుపెడతాయి. వోల్టేజి తప్పితే చిప్పు ఎలా చనిపోతుందో తెలియని మనిషిని కాను నేను. మా దుకాణంలో నేను మొదట బాగుచేసిన యంత్రం 1982 నాటి సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటరు. అందులో 16 కిలోబైట్ల కింది మెమరీని మోసే ఎనిమిది 4116 చిప్పులకు +5, +12, −5 వోల్టులు మూడూ కావాలి, ఆ −5 ఒక్కటి పోయినా చిప్పులు పోతాయి. ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా ఊడదీసి మార్చిన చేతులతోనే ఈ క్యాసెట్లకు సోల్డరింగ్ చేశాను. నన్ను ఇంతగా బాధపెడుతున్నది అదే.

నా వంతు తప్పు స్పష్టంగా చెబుతాను. చిప్పులోకి ఆటను ఎక్కించేటప్పుడు గుర్తింపు సంఖ్యను సరిచూసే ఏర్పాటు నా దగ్గర ఉంది. 5 వోల్టుల పెద్ద ఫ్లాష్ చిప్పులు ఇప్పుడు ఎక్కువగా పాత బోర్డుల నుంచి ఊడదీసినవే దొరుకుతాయి కనుక, ఒకే పొట్లంలో రెండు మూడు కంపెనీలవి కలిసి వస్తాయి, కంపెనీ మారినప్పుడల్లా పని ఆగిపోయేది. సిరిమానోత్సవం నాటికి క్యాసెట్లు అందించాలన్న తొందరలో ఆ సరిచూపును నేనే ఆపివేశాను. మొదటి 12 క్యాసెట్లు నా పాత నిల్వలోని మంచి చిప్పులతో చేసినవి కావడంతో అవి చక్కగా నడిచాయి, ఆ ధీమాతోనే మిగిలినవీ చేసేశాను.

ఇక సరుకు పంపిన వ్యాపారి సంగతి. ఆరేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను, ఒక్కసారి కూడా బేరమాడలేదు, ముందుగానే డబ్బు పంపేవాడిని. ఫోటోలు పంపి అడిగితే, “అందరూ ఇవే పట్టుకెళ్తున్నారు, మీ ఒక్కరికే వచ్చిందా ఇబ్బంది?” అన్నారు. అంకెలు చెరిపి వేరే అంకెలు వేసిన సరుకని తనకు తెలుసో తెలియదో ఆయన చెప్పలేదు, నేను రెండుసార్లు అడిగినా చెప్పలేదు. విప్పిన సరుకు వాపసు తీసుకోనన్నారు. విప్పకుండా నేను ఎలా కనిపెట్టాలి? డబ్బు పోయినందుకు అంత బాధలేదు. “చిన్న ఊళ్లో ఇంతకంటే మంచి సరుకు ఎవరడుగుతారు సార్” అన్న మాట మాత్రం మరచిపోలేను. పాత ఆట యంత్రాన్ని ప్రాణంలా చూసుకునేవారు ఏ ఊళ్లో ఉన్నా వారికి మంచి చిప్పే కావాలి. ఇక ఆ మనిషి దగ్గర ఒక్క స్క్రూ కూడా కొనను.

తరువాత ఏం చేయాలన్నది తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. 3.3 వోల్టుల చిప్పునే ఉంచి, వోల్టేజి తగ్గించే రెగ్యులేటరు, సంకేతాలను మార్చే మూడు నాలుగు చిన్న చిప్పులు చేర్చి కొత్త బోర్డు గీయించడం ఒక దారి. అది సరైన పద్ధతే గాని, 52 క్యాసెట్లకు బోర్డు ఖర్చు నేను మోయగలిగింది కాదు. ఇప్పటికీ కొత్తగా తయారవుతున్న 39ఎస్‌ఎఫ్040 అనే 5 వోల్టుల చిప్పును అధీకృత పంపిణీదారు దగ్గర బిల్లుతో కొనడం రెండవ దారి. ఆ చిప్పులో పట్టేది 512 కిలోబైట్లు, అంటే 5,24,288 బైట్లు. మన ఆట దానికంటే పెద్దది.

ఆట అంతగా పెరగడానికి కారణం తెలుగు అక్షరాలే. గేమ్ బాయ్ తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, అంటే 8 చుక్కల గళ్లు 360. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో ఇమిడిపోతుంది. తెలుగు అక్షరం గుణింతంతో, వత్తుతో కలిసి ఇమడదు. అందుకని మాటలున్న ప్రతి తెరనూ ఒక పూర్తి బొమ్మగా గీసి పెట్టాము. గడికి 16 బైట్ల చొప్పున ఒక తెరకు 5,760 బైట్లు, 120 తెరలకు 6,91,200 బైట్లు. మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తే రెండు రోజుల్లో పని అయిపోతుందని సలహా ఇచ్చినవారిలో నా మేలు కోరేవారే ఎక్కువ. నేను ఒప్పుకోలేదు. మా ఊరి మూడు లాంతర్ల కూడలిలో దీపాలు వెలిగించే ఆటలో మన మాట మన అక్షరాల్లో కనబడాలన్నదే ఈ ఆట చేయడానికి మూలం. దానిని వదులుకునేటట్లయితే డబ్బు తిరిగి ఇచ్చేసి ఆటను మూసివేయడం మేలనిపించింది.

చివరకు బొమ్మలు తీసేసి, 412 అక్షరరూపాలను విడివిడిగా గీసి, వాటితోనే తెర మీద మాటలు కూర్చాలని నిర్ణయించాను. మొదట 16 చుక్కల ఎత్తులో ప్రయత్నించాము. అక్షరాలు గీసే మా తమ్ముడి కూతురు ‘స్త్రీ’ అన్న మాట చూపించి, “పెదనాన్నా, గుడిదీర్ఘం పెడితే తావత్తు పోతోంది, తావత్తు పెడితే క్రారవడి నలిగిపోతోంది, ఇది నేను ఇవ్వలేను” అంది. నేను భూతద్దం పెట్టి చూశాను. ఆమె మాటే నిజం. కాబట్టి ఎత్తు 24 చుక్కలకు పెంచాము. ఒక్కో రూపానికి ఆరు గళ్లు, 96 బైట్లు, మొత్తం కలిపి 39,552 బైట్లు. యంత్రం నేపథ్య తెరకు ఒకే విడతలో 256 గళ్లే అందించగలదు కనుక, వరుసకు పది అక్షరాలతో నాలుగు వరుసలకు 240 గళ్లు పోగా అంచు గీతలకు 16 మిగులుతాయి. ఇకపై సంభాషణ నాలుగేసి వరుసలుగా వస్తుంది, నొక్కవలసిన బటన్లు మామూలే. పాత ఆటలోని మొదటి ఐదు సంధ్యాకాలపు బొమ్మల్లో రెండింటిని తీసివేయవలసి వచ్చింది. సంగీతం, మెట్టలు, దారులు అన్నీ యథాతథం.

క్యాసెట్లు దుకాణంలో ఇవ్వండి, లేదా కొరియర్ చేయండి. రానుపోను ఖర్చు నాది. డబ్బే కావాలన్నవారికి చెల్లించిన 1,400 రూపాయలు అదే రోజు ఇస్తాను, కారణం అడగను. ఈ క్యాసెట్టు పెట్టిన తరువాత మీ గేమ్ బాయ్‌కి ఏ ఇబ్బంది వచ్చినా ఉచితంగా బాగుచేస్తాను, దానికి గడువు లేదు. కొత్తది వచ్చేవరకు కంప్యూటరులో ఆడుకోవడానికి ఆట ఫైలు కొన్నవారందరికీ పంపుతున్నాను. కొత్త క్యాసెట్టు ప్రతిదానిలోనూ గుర్తింపు సంఖ్య సరిచూసి, లాగుతున్న కరెంటు కొలిచి, ఎనిమిది గంటలు నడిపాకే మీ చేతికి ఇస్తాను. అన్నీ సిద్ధమయ్యేవరకు ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోను.

52 మందిలో 50 మందితో మాట్లాడాను. 41, 57 నంబర్ల క్యాసెట్లు సిరిమాను రోజున జాతర రద్దీలో నగదుకు అమ్మినవి, వారి ఫోన్ నంబర్లు నేను రాసుకోలేదు. 41 తీసుకున్నది పసుపు రంగు గేమ్ బాయ్ కలర్ మెడలో వేలాడదీసుకున్న పదేళ్ల పాప, వెంట వాళ్ల తాతగారు ఉన్నారు, సాలూరు బస్సుకు వేళైందని తొందరపడ్డారు. వారు మీకు తెలిసినవారైతే, పాప ఆ క్యాసెట్టు మళ్లీ పెట్టకముందే దయచేసి ఈ సంగతి చేరవేయండి.