సైకిలు చక్రానికి తగిన కొలత కావాలి

సంపాదకుడు గారికి,

ఆర్యా,

రోడ్డు మీది గుంత వల్ల సైకిలు పాడైతే కౌన్సిల్‌ను, అంటే స్థానిక పాలక సంస్థను, పరిహారం అడిగే హక్కు ఇంగ్లండ్, వేల్స్‌లలో అందరికీ ఉంది. ఇక్కడ ఉంటున్న తెలుగువారిలో, ముఖ్యంగా పాత సైకిలు కొనుక్కుని యూనివర్సిటీకి వెళ్లివచ్చే విద్యార్థుల్లో, ఈ సంగతి తెలిసినవారు తక్కువ. తెలిసి దరఖాస్తు పెట్టుకున్నవారికీ చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: మీరు చూపిన గుంత మా లెక్కలో గుంత కాదు. ఆ లెక్క అన్యాయమైనదని, దాన్ని మార్చాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ హక్కు ఊరికే రాలేదు. 1788లో డెవన్ కౌంటీలో మరమ్మతు లేని వంతెన మీద ఒకరి బండి దెబ్బతిన్నది. కౌంటీ ప్రజల మీద దావా వేస్తే కోర్టు కొట్టివేసింది. ప్రజలందరికీ ఇబ్బంది కలగడం కంటే ఒక మనిషి నష్టపోవడమే మేలని న్యాయమూర్తి ఒకరు అన్నారు. రోడ్డును చేజేతులా పాడుచేస్తే అడగవచ్చు గానీ, బాగుచేయకుండా వదిలేస్తే అడగడానికి లేదన్న ఆ సూత్రాన్ని పార్లమెంటు 1961లో చట్టం చేసి తొలగించింది. నూట డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. ఇప్పుడు అమల్లో ఉన్న 1980 నాటి హైవేస్ చట్టం, సెక్షన్ 41లో, రోడ్లను సరైన స్థితిలో ఉంచవలసిన బాధ్యతను వాటి నిర్వహణ సంస్థ మీద పెడుతోంది. మోటారు మార్గాలు, పెద్ద రహదారులు వేరే సంస్థ కిందికి వస్తాయి. మనం సైకిలు తొక్కే వీధులు మాత్రం దాదాపు అన్నీ కౌన్సిళ్లవే.

అదే చట్టంలో సెక్షన్ 58 కూడా ఉంది. రోడ్డు విషయంలో తగిన శ్రద్ధ తీసుకున్నామని కౌన్సిల్ రుజువు చేసుకుంటే బాధ్యత నుంచి బయటపడుతుంది. ఇందులో తప్పు లేదు. నీళ్లు పగుళ్లలోకి దిగి, గడ్డకట్టి ఉబ్బి, మళ్లీ కరిగి, తారును లోపలి నుంచే విడదీసే ఈ దేశపు చలికాలంలో వారం తిరిగేసరికి రోడ్డు రూపం మారిపోతుంది. నిన్న రాత్రి పడిన గుంతకు ఈరోజు పొద్దున్నే కౌన్సిల్‌ను నిలదీయడం న్యాయం కాదని నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఆ సెక్షన్ మీద కాదు, ఆ శ్రద్ధను కొలిచే బద్ద మీద.

చాలా కౌన్సిళ్లలో తారు రోడ్డు మీద 40 మిల్లీమీటర్ల లోతు, అంటే ఒకటిన్నర అంగుళం పైచిలుకు, ఉంటేనే గుంత మరమ్మతు జాబితాకు ఎక్కుతుంది. కాలిబాట మీదైతే 20 మిల్లీమీటర్లు చాలు. నడిచేవారు కాలు తట్టుకుని పడతారని వేరే కొలత పెట్టారు, మంచిదే. మరి సైకిలు మాటేమిటి? దాన్ని తీసుకెళ్లి కారుతో కలిపేశారు. సన్నటి రోడ్డు సైకిలు టైరు వెడల్పు 25 నుంచి 32 మిల్లీమీటర్లు. కారు టైరుది 200కు అటూ ఇటూ. కారు చక్రం పైనుంచి దొర్లిపోయే చీలికలోకి సైకిలు చక్రం దిగబడుతుంది. తారు వేసినప్పుడు రెండు వరుసలు కలిసిన చోట నిలువునా విచ్చుకునే అతుకు, గ్యాసు పైపుకో నీళ్ల పైపుకో తవ్వి పూడ్చిన చోట కుంగిన అంచు, వాననీటి జాలీ చుట్టూ పెచ్చులు ఊడిన తారు, ఇవన్నీ తరచుగా సైకిలు నడిచే ఎడమ అంచులోనే ఉంటాయి. వీటి లోతు 30 మిల్లీమీటర్లే కావచ్చు. కానీ చక్రం ఒకసారి నిలువు అతుకులో పడితే హ్యాండిల్ మన మాట వినదు. దీన్ని కనిపెట్టవలసిన తనిఖీ అధికారి చాలా చోట్ల వాహనంలో కూర్చుని, అద్దంలోంచి చూస్తూ పోతారు.

నా అనుభవం కూడా ఇదే. చలికాలంలో చీకటి పడ్డాక, వానలో ఇంటికి వస్తుంటే ముందు చక్రం అలాంటి చీలికలో పడింది. నీళ్లు నిండిన గుంతకూ తడిసిన రోడ్డుకూ వీధిదీపం వెలుగులో తేడా తెలియదు. మోచేయి గీరుకుపోవడంతో నేను బయటపడ్డాను. ట్యూబుకు పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు గాట్లు పడ్డాయి, రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయింది, చువ్వలు వదులైపోయాయి. కొత్త చక్రానికి, కూలికి కలిపి వంద పౌండ్ల పైనే అయింది. మా కౌన్సిల్‌కు దరఖాస్తు పెడితే, తనిఖీలు సమయానికే జరిగాయని, మరమ్మతు చేయవలసిన లోపమేదీ కనిపించలేదని, సెక్షన్ 58 కింద తమకు బాధ్యత లేదని రాశారు. సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఆ రోడ్డు రికార్డులు తెప్పించుకుంటే అసలు విషయం బయటపడింది. నాకంటే ముందే ఎవరో అదే చోటు గురించి ఫిర్యాదు చేశారు. అధికారి వచ్చి కొలిచారు, 35 మిల్లీమీటర్లని రాసుకున్నారు, చర్య అవసరం లేదని తేల్చి వెళ్లిపోయారు. అంటే కౌన్సిల్‌కు తెలియక జరిగింది కాదు. తెలిసి, కొలిచి మరీ వదిలేసింది. ఆ అయిదు మిల్లీమీటర్ల తేడా నా చక్రానికి ఏ రక్షణా ఇవ్వలేదు.

డబ్బు లేదని కౌన్సిళ్లు అంటాయి. అది అబద్ధం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో స్థానిక రోడ్ల పేరుకుపోయిన మరమ్మతులన్నీ పూర్తిచేయాలంటే దాదాపు 1,680 కోట్ల పౌండ్లు కావాలని తారు పరిశ్రమ సంస్థల కూటమి 2025లో అంచనా వేసింది. కోర్టులు కూడా ఈ సంగతి గుర్తిస్తాయి. 1992లో బార్న్‌స్లీ కౌన్సిల్ మీద వేసిన కేసులో, బూటు మడమ చిన్న గుంతలో ఇరుక్కుని పడిన మహిళకు అప్పీలు కోర్టు పరిహారం నిరాకరించింది. అంత చిన్న లోపాలన్నిటినీ దేశమంతటా సరిచేయాలంటే ఖర్చు విపరీతంగా ఉంటుందని చెప్పింది. అయితే ఇన్ని అంగుళాలుంటే ప్రమాదం, లేకపోతే కాదు అని యాంత్రికంగా తేల్చడం తప్పని కూడా అదే తీర్పులో ఉంది. కౌన్సిళ్లు మొదటి మాటను పట్టుకుని రెండోదాన్ని వదిలేశాయి. పైగా పరిహారం ఇస్తే మరమ్మతుల డబ్బు తగ్గుతుందన్న వాదన నాకు మింగుడుపడదు. ఇవ్వకపోతే ఆ ఖర్చు మాయం కాదు. కారు కొనలేక సైకిలు తొక్కే విద్యార్థి జేబులోంచి, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే కార్మికుడి జేబులోంచి పోతుంది.

మరో సంగతి. ఈ దేశపు రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌లోని 213వ నియమం డ్రైవర్లకు ఏం చెబుతోంది? సైకిలు మీద వెళ్లేవారు ఎగుడుదిగుడు రోడ్డును, జాలీలను తప్పించుకోవడానికి హఠాత్తుగా పక్కకు జరగవలసి రావచ్చు, వారికి చోటు వదలండి అంటోంది. అంటే చెడ్డ రోడ్డు సైకిలుకు ప్రమాదమని ప్రభుత్వానికి తెలుసు. ఆ జాగ్రత్తను వెనక వచ్చే లారీ డ్రైవరుకు అప్పగించి, రోడ్డు వేసినవారిని వదిలేయడం ఎంతవరకు సబబు?

మన తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి ఇంకా కఠినం. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించనివారికి లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది, అదీ ఎవరైనా చనిపోతేనో వికలాంగులైతేనో. బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో ఒక అడుగు ముందుకు వేసి, గుంతలు, తెరిచి ఉన్న మ్యాన్‌హోళ్ల వల్ల మరణించినవారి కుటుంబాలకు 6 లక్షల రూపాయలు, గాయపడినవారికి 50 వేల నుంచి 2.5 లక్షల వరకు ఇవ్వాలని ఆదేశించింది. ఎంతో మంచి తీర్పు. కానీ తెల్లవారకముందే మీ పత్రికను ఇంటింటికీ చేర్చే కుర్రాడి సైకిలు రిమ్ము వంగిపోతే మునిసిపాలిటీని అడగడానికి ఒక దరఖాస్తు ఫారమైనా ఉందా? అతనికి ఆ రోజు సంపాదన ఆ చక్రమే.

బ్రిటన్‌లో ఉన్న మనవారికి నా విన్నపం. సర్కారుతో మనకెందుకు గొడవ అనుకోకండి. ప్రమాదం జరగకముందే గుంత కనిపిస్తే కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనో, వీధి సమస్యలు తెలిపే ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైట్‌లోనో ఫిర్యాదు నమోదు చేయండి. రేపు ఎవరైనా అక్కడ పడితే, కౌన్సిల్‌కు ముందే తెలుసనడానికి మీ ఫిర్యాదే సాక్ష్యం. నష్టం జరిగితే పక్కన స్కేలు పెట్టి గుంతను ఫొటో తీయండి, దగ్గరున్న దీపస్తంభం నంబరు రాసుకోండి, షాపు రసీదు దాచండి. కౌన్సిల్ కాదంటే సమాచార స్వేచ్ఛ చట్టం కింద తనిఖీ రికార్డులు అడగండి. సాధారణంగా 20 పనిదినాల్లో జవాబివ్వాలి. వస్తునష్టానికి కోర్టుకు వెళ్లేందుకు ఆరేళ్ల గడువు ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లు కొందరు కౌన్సిలర్లుగా కూడా ఎన్నికయ్యారు. వారిని ఒకటే అడుగుతున్నాను. 40 మిల్లీమీటర్ల కొలత ఏ చట్టంలోనూ లేదు. రోడ్డును ఎవరు వాడుతున్నారో, వారికి ప్రమాదమెంతో చూసి ఎవరి కొలత వారే నిర్ణయించుకోవచ్చని 2016 నాటి రహదారుల నిర్వహణ మార్గదర్శకాలు కౌన్సిళ్లకు వెసులుబాటు ఇచ్చాయి. సైకిళ్లు ఎక్కువగా తిరిగే వీధుల్లో ఎడమ అంచుకు కాలిబాట కొలతే పెట్టాలని, నిలువు చీలికలను లోతుతో పాటు వెడల్పును బట్టి కూడా లెక్కించాలని, ఆ వీధుల తనిఖీ సైకిలు మీదే జరగాలని మీ కౌన్సిల్ సమావేశంలో తీర్మానం పెట్టండి. దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒకరు,
మిడ్‌లాండ్స్, ఇంగ్లండ్