మంచులోకి రమ్మని పిలిస్తే చాలదు, దారి కూడా చెప్పాలి

సంపాదకులకు,

చలికాలం మంచులో గడపమంటూ మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి మూడు వారాలైంది. తిరిగొచ్చిన రోజే రాయాల్సింది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను, చల్లారలేదు. కొత్తవాళ్లు ఇంట్లో ఉన్న బట్టలతోనే బయల్దేరవచ్చనీ, పల్లె ప్రాంతాల్లో రద్దీ ఉండదు కాబట్టి ఇంకా హాయిగా ఉంటుందనీ రాశారు. నేనూ మా తమ్ముడూ అది చదివే వెళ్లాం. మంచులో నడవడం ఇద్దరికీ అదే మొదటిసారి.

ఇంట్లో ఉన్న బట్టలంటే మాకు జీన్సు, కాటన్ బనియన్లు. గంట నడిచేసరికి లోపల చెమటకు బనియన్, బయట మంచుకు జీన్సు తడిశాయి. కాసేపు ఆగామో లేదో, మోకాళ్ల కింద జీన్సు రేకులా బిగుసుకుపోయింది. తడిసిన కాటన్ ఒంటి వేడిని నిలపదు. ఒంటికి ఆనుకునేది ఉన్నిదో సింథటిక్‌దో అయ్యుండాలి, చెమట పట్టకముందే పై కోటు తీసెయ్యాలి. ఇది రాయడానికి మీకు రెండు వాక్యాలు చాలు. ఫొటోలకు మాత్రం అర పేజీ ఇచ్చారు.

అద్దెకిచ్చినచోట స్నోషూలు (లోతు మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద పట్టీలతో కట్టుకునే వెడల్పాటి చట్రాలు) చేతిలో పెట్టి డబ్బు తీసుకున్నారే గానీ పట్టీ ఎలా బిగించాలో చూపించలేదు. లోతు మంచులో తమ్ముడి ఎడమ కాలి పట్టీ మూడుసార్లు ఊడింది. మూడోసారి గ్లవ్స్ తీసి బిగించబోతే, బకిల్ చేతిలోనే ఉంది గానీ నొక్కడానికి వాడి వేళ్లకు బలం చాలలేదు. మాట కూడా ముద్దముద్దగా వచ్చింది. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే హైపోథెర్మియా అంటారనీ, చేతులు పట్టు తప్పడం, మాట తడబడడం దాని గుర్తులనీ డాక్టరు చెప్పాకే మాకు తెలిసింది. ఆ రోజు మీ వాతావరణ పట్టికలో ఉన్నది మైనస్ 5 మాత్రమే. గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే అదే చలి ఒంటికి మైనస్ 13లా తగులుతుంది. గాలి సంగతి పట్టికలో ఎందుకు వేయరు?

ఇక అధికారులు. దారి రెండుగా చీలినచోట సగం మంచులో కూరుకుపోయిన బోర్డు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. చేత్తో తుడిచి చూస్తే, దాని మీద ఆ నడకదారిని ప్రారంభించిన పెద్దల పేర్లు, తేదీ ఉన్నాయి. ఎటు వెళ్తే ఊరొస్తుందో, ఎంత దూరమో ఒక్క ముక్క లేదు. నలభై శాతం ఛార్జింగ్ ఉన్న ఫోన్ చలికి ఆగిపోయింది. చీకటి పడ్డాక కింద ఊరివాళ్లు ఇద్దరు టార్చిలైట్లతో ఎదురొచ్చారు. మధ్యాహ్నం మేం పైకి వెళ్లడం చూశారట, తిరిగి రాలేదని గమనించి బయల్దేరారట. వాళ్లకు ఎవరూ జీతం ఇవ్వరు. పగలంతా తమ పని చేసుకుని, రాత్రి మాలాంటివాళ్లను వెతకాల్సిన ఖర్మ వాళ్లకెందుకు? ప్రచారానికి, ఉత్సవాలకు డబ్బు ఉంటుంది. దారి పొడవునా గుర్తు కర్రలు పాతడానికి, ఆ ఊళ్లో ఒక స్ట్రెచర్ ఉంచడానికి ఉండదా? రోడ్లయినా ఆస్పత్రులైనా ఇదే వరస. రిబ్బన్ కత్తిరించిన రోజున్న శ్రద్ధ మర్నాటికి ఉండదు.

నార్వేలో కొండలకు వెళ్లేవాళ్ల కోసం తొమ్మిది సూత్రాలున్నాయి. 2016లో వాటిని సవరించారు కూడా. వేళకు వెనక్కి తిరగండి, అందులో సిగ్గేమీ లేదు అన్నది అందులో ఒకటి. చివరిదాకా వెళ్తేనే అసలు ఆనందమని మీ వ్యాసం చెప్పింది. పట్టీ మొదటిసారి ఊడినప్పుడే మేం వెనక్కి తిరగాల్సింది. ఇంత దూరం వచ్చి తిరిగిపోతే ఏం బాగుంటుందని ముందుకే నడిచాం.

వ్యాసం పక్కన, గడ్డకట్టిన చెరువు మధ్యలో పిల్లలు నిలబడ్డ ఫొటో వేశారు. ఒక మనిషి నడవాలంటే గాజులా తేటగా ఉన్న మంచుగడ్డ కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలి. తెల్లటిదైతే దానికి రెట్టింపు కావాలి. ఒడ్డున ఉన్న మందం మధ్యలో ఉండాలని లేదు. ఆ ఫొటో చూసి పిల్లల్ని తీసుకెళ్లిన తల్లిదండ్రులకు ఇవన్నీ ఎవరు చెప్పారు? మంచు చరియల ప్రమాదాన్ని 1 నుంచి 5 వరకు అంకెల్లో చెబుతారు. 3 అంటే మధ్యస్థమే కదా అని కొత్తవాళ్లు ధైర్యంగా వెళ్తారు. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ 3 ఉన్న రోజుల్లోనే.

చలికాలం ఇంకా మిగిలే ఉంది. అదే అనుబంధంలో, అంతే చోటిచ్చి ఈ సంగతులు వేయండి. వాతావరణ పట్టికలో గాలి వేగం, సూర్యాస్తమయ సమయం చేర్చండి. తమ్ముడి రెండు వేళ్లకు ఇంకా స్పర్శ సరిగా రాలేదు. అయినా మళ్లీ వెళ్దామంటున్నాడు. నాకూ వెళ్లాలనే ఉంది. ఈలోగా సంబంధిత అధికారులు ఆ బోర్డు మీద ఊరికి ఎంత దూరమో రాయించాలి.

ఇట్లు,
మీ పాఠకుడు