గ్రో లైట్లు కొనేముందు ఒకసారి చూడండి

మిద్దెతోట మిత్రులకు నమస్కారం. గదిలో మిర్చి, టమాటాలకి ఎండ బదులు పెద్ద గ్రో లైట్లు పెట్టాలనుకునేవాళ్లు ముందు లెక్క వేసుకోండి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే 1000 వాట్లు కాదు, మూలన చిన్నగా రాసే అసలు వాట్లు చూడాలి.

240 వాట్లవి నాలుగంటే 960. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 4.2 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్ చాలుగా అనిపిస్తుంది. కానీ ఇవి మిక్సీలా ఐదు నిమిషాల్లో ఆగేవి కావు, రోజూ 14 గంటలు వెలుగుతాయి. నేనైతే ఫ్యాన్‌తో కలిపి అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించా. మూడో వారానికి పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, ఒకటే కాలిన వాసన!

ఇప్పుడు మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, దానికో ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్చి) వేయించా. నీళ్లు చల్లే చోటు కాబట్టి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. ఎంసీబీ ఊరికే పడిపోతోందని పెద్దది వేయించకండి, అప్పుడు కాలేది గోడలో వైరు.

బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు (మన కనెక్షన్‌కి మంజూరైన కిలోవాట్లు) కూడా చూసుకోండి. ఈ నాలుగు లైట్లకే రోజుకి 13 యూనిట్ల పైమాటే. ఆ వేడికి ఏసీ వేస్తే అది వేరే లెక్క.